పన్నెండు నిమిషాల దూరం

స్కార్వ్‌నెస్‌లో తుఫాను అన్న మాట ఎవరూ వాడరు. పైకప్పు రేకు ఎగిరిపోయి పక్కవాళ్ళ పడవలో పడినా, వాకిలి తలుపు తెరవడానికి ఇద్దరు మనుషులు భుజం పెట్టాల్సి వచ్చినా, "కాస్త గాలి" అంటారు. అంతకు మించి ఒక్క ముక్క ఎక్కువ అన్నవాణ్ణి "దక్షిణాదిలో పుట్టావట్రా?" అని నెల రోజులు ఏడిపిస్తారు. దక్షిణాది అంటే రాజధాని వైపు. అక్కడ చెట్టుకొమ్మ ఊగినా పేపర్లో వేస్తారని ఈ ఊరివాళ్ళ గట్టి నమ్మకం. నార్వే దేశపు ఈ ఉత్తరపు కొసన ఊగడానికి చెట్లే లేవు.

సోల్‌ఫ్రిడ్ ఈ ఊరి మనిషే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఊరి చివరి విమానాశ్రయంలో, టవర్ మీద ఉద్యోగం. టవర్ అంటే పెద్దగా ఊహించుకోనక్కర్లేదు, చేపల గోదాము మీద అద్దాల గది పెట్టినట్టుంటుంది. విమానాన్ని దిగమని గానీ వద్దని గానీ చెప్పే అధికారం ఆవిడకు లేదు. గాలి ఎంత ఉందో, రన్‌వే మీద మంచు ఎంత పేరుకుందో రేడియోలో చెబుతుంది. దిగాలో మానాలో పైలట్ తేల్చుకుంటాడు. ఆ తర్వాత ఆవిడ లాగ్ పుస్తకం రాస్తుంది. కంప్యూటర్ వచ్చాక కూడా ఆ పుస్తకం మానలేదు. బయల్దేరిన వేళ, దిగిన వేళ, ప్రయాణ సమయం, గాలి, చివర రిమార్కులు. అక్షరాలు బడిపిల్ల కాపీ పుస్తకంలోలాగా గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉంటాయి. ఆ పుస్తకం అంటే ఆవిడకు మహా గర్వం.

స్కార్వ్‌నెస్ నుంచి లాంగ్‌విక్‌కి, అంటే ఆస్పత్రి ఉన్న పట్నానికి, ఆకాశంలో యాభై ఒక్క కిలోమీటర్లు. ముప్ఫై తొమ్మిది సీట్ల చిన్న విమానం పన్నెండు నిమిషాల్లో చేరుతుంది. రోడ్డు మీద అయితే సముద్రపు పాయ చుట్టూ తిరిగి, మధ్యలో కొండ దాటి, నూట తొంభై కిలోమీటర్లు. చలికాలంలో ఆ కొండ దారికి గేటు వేస్తారు. తెరిచినప్పుడు కూడా ఎవరంతట వాళ్ళు పోవడానికి లేదు. ముందు మంచు తోసే బండి, దాని వెనక కార్లన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా, ముందు కారు ఎర్ర దీపం కనిపించేంత దగ్గరగా పోవాలి.

సోల్‌ఫ్రిడ్‌కి మొగుడు లేడు, పిల్లల్లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు, హల్వార్. యాభై అయిదేళ్ళవాడు. నాలుగేళ్ళ కిందట అతని రెండు కిడ్నీలూ పోయాయి. పడవ అమ్మేసి, ఊళ్ళో వాళ్ళ పడవల ఇంజన్లు బాగుచేస్తూ, సోమ, బుధ, శుక్రవారాలు ఊరి ఆరోగ్య కేంద్రంలో డయాలిసిస్ మిషను పక్కన నాలుగేసి గంటలు పడుకునేవాడు. "ఇది నా రెండో పెళ్ళాం" అనేవాడు దాన్ని. "మొదటిది వదిలేసి పోయింది. ఇది మాత్రం వారానికి మూడుసార్లు కట్టేసుకుంటుంది." ఆ మిషను ఊళ్ళో ఉన్నంతకాలం తమ్ముడు ఉంటాడని సోల్‌ఫ్రిడ్‌కి తెలుసు. అందుకే దాని సంగతి ఎవరైనా ఎత్తితే ఆవిడ మాట మార్చేసేది.

ఆ జూన్‌లో జిల్లా ఆరోగ్య మండలి తరఫున ప్రేబెన్ అనే కుర్రాడు వచ్చాడు. పల్చటి బూట్లు, పల్చటి కోటు, పెద్ద కంప్యూటర్. ఆ వేళ సముద్రం నూనె పోసినట్టు నున్నగా ఉంది. టవర్ ఎక్కి కూర్చుని, ఆవిడ పోసిచ్చిన కాఫీ తాగుతూ, "లాంగ్‌విక్‌కి ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగాడు.

"పన్నెండు నిమిషాలు," అంది సోల్‌ఫ్రిడ్. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "వెనక గాలి ఉంటే తొమ్మిదే. నీ కాఫీ చల్లారేలోపు దిగిపోతావు బాబూ."

ప్రేబెన్ నవ్వి రాసుకున్నాడు. తర్వాత లాగ్ పుస్తకాలు చూడొచ్చా అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ పుస్తకాలు చూస్తానన్న మొదటి మనిషి. ఆవిడ బీరువా తెరిచి, పదేళ్ళ పుస్తకాలు బల్ల మీద పేర్చి, పేజీలు ఎక్కడెక్కడ అంటుకున్నాయో కూడా చూపించింది. అతను ఒక్కో పేజీ ఫోనుతో ఫోటో తీస్తుంటే, ఎండ పడకుండా పక్కన నిలబడి చేయి అడ్డం పెట్టింది.

ఆగస్టులో ఊరి సమావేశ మందిరంలో మీటింగు పెట్టారు. వాఫుల్స్, గోధుమరంగు జున్ను, కాఫీ అన్నీ ఉన్నాయి. మండలి అధ్యక్షురాలు విగ్‌దిస్ లాంగ్‌విక్ నుంచి విమానంలోనే వచ్చింది, పన్నెండు నిమిషాల్లో. మాట మెత్తనిది. స్కార్వ్‌నెస్‌లో ఇప్పుడు డయాలిసిస్ చేయించుకునేది ఒక్క మనిషేననీ, లాంగ్‌విక్ ఆస్పత్రిలో రెండు మిషన్లు ఖాళీగా ఉన్నాయనీ, ఇక్కడికి నర్సు దొరకడం లేదనీ, అందుకే ఇక్కడి మిషను ఎత్తేయాలనుకుంటున్నామనీ చెప్పింది. తెర మీద బొమ్మ వేసింది. రెండు చుక్కలు, మధ్య సన్నటి గీత, గీత మీద "సగటు ప్రయాణ సమయం 11.8 నిమిషాలు". కింద వాలు అక్షరాల్లో: "స్థానిక సిబ్బంది మాటల్లో, కాఫీ చల్లారేలోపు."

సోల్‌ఫ్రిడ్ చెవులు ఎర్రబడ్డాయి. లేచి నిలబడింది.

"ఆ సగటు దిగిన విమానాలకే," అంది. "రద్దయిన విమానానికి ప్రయాణ సమయం ఉండదు కదా. అక్కడ నేను గీత పెడతాను. చలికాలంలో సగం రోజులు గీతలే. ఇంకోటి. గాలి కొలిచే స్తంభం రన్‌వే పక్కన ఉంది. నైరుతి గాలి వస్తే అది కొండ చాటున పడుతుంది. స్తంభం ఇరవై నాట్ల వేగం చూపిస్తుంటే కొండ మీద అరవై ఉంటుంది. కొండ దాటేటప్పుడు విమానం రాయిలా పడిపోతుంది. ఏ పైలట్‌నైనా అడగండి."

"అది మేమూ చూశాం," అంది విగ్‌దిస్. "అందుకే రిమార్కుల గడి చదివాం. స్తంభం చెప్పనిది మనిషి చెబుతుంది కదా అని." తెర మీద గుండ్రటి అక్షరాలు వచ్చాయి. "ఇది మీ చేతిరాతేనా?"

"నాదే."

"ఫిబ్రవరి పదకొండు. విమానం దిగకుండా వెనక్కి పోయింది. గాలి ఇరవై ఒక్క నాట్లు. రిమార్కు, 'కాస్త గాలి'. పన్నెండో తారీకు, 'కాస్త గాలి'. పధ్నాలుగు, 'కాస్త గాలి'. పదేళ్ళ పుస్తకాల్లో రద్దయిన ప్రతి రోజు పక్కనా ఇదే మాట. ఆ ఫిబ్రవరి పదకొండున కాస్త గాలేనా ఉన్నది?"

ఆ పదకొండున ఫైరింజను షెడ్డు తలుపు ఊడి, రన్‌వే దాటి, సముద్రంలో పడింది. మందిరంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. తలుపు వెతకడానికి పడవ వేసుకుపోయిన మనిషి రెండో వరసలో కూర్చుని వాఫుల్ తింటున్నాడు.

"మా ఊళ్ళో దాన్ని అలాగే అంటాం," అంది సోల్‌ఫ్రిడ్.

"మరి తుఫాను అని దేన్నంటారు?"

వెనక వరసలోంచి ముసలి ఇసాక్ గొంతు వచ్చింది. "చర్చి కప్పు లేచిపోయినప్పుడు అన్నారమ్మా. అదీ మేం కాదు, పాస్టరు అన్నాడు. ఆయన దక్షిణాదివాడు."

మందిరం గొల్లుమంది. బల్లలు చరిచి నవ్వారు. అందరికంటే పెద్దగా నవ్వినవాడు హల్వార్, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. విగ్‌దిస్ కూడా నవ్వి, నవ్వు తగ్గేదాకా ఓపిగ్గా ఆగి, "అయితే మరీ అంత ఇబ్బంది ఉండదన్నమాట," అంది.

సోల్‌ఫ్రిడ్ ఇంకా నిలబడే ఉంది. చెప్పాల్సింది ఒక్క మాట. అవి తుఫానులు, పదేళ్ళుగా నేను రాసింది అబద్ధం, అనాలి. ఊరంతా నవ్వుతున్న ఆ నిమిషంలో, తన పుస్తకం తెర మీద అంత పెద్దగా మెరుస్తుండగా అనాలి. నోరు తెరిచింది. ముందు వరసలోంచి హల్వార్ చేత్తో 'కూర్చోవే' అన్నట్టు సైగ చేశాడు. కూర్చుంది. కూర్చున్నందుకు తనను తాను ఎన్నడూ క్షమించుకోలేదు.

బయటికొచ్చాక హల్వార్ భుజం మీద చెయ్యేసి, "అక్కా, ఆ ముసలోడు భలే కొట్టాడే దెబ్బ!" అన్నాడు.

"దెబ్బ ఎవరికి తగిలిందో తెలుసా నీకు?"

"పోనీలే. పన్నెండు నిమిషాలేగా. నువ్వే చెప్పావు."

అక్టోబరులో మిషనును చెక్కపెట్టెలో పెట్టి ఓడలో తీసుకుపోయారు. హల్వార్ రేవులో నిలబడి దానికి చేయి ఊపాడు, జనం నవ్వారు. మొదటి నెల నిజంగానే ఏ గొడవా లేదు. పొద్దున విమానంలో వెళ్ళి సాయంత్రం విమానంలో తిరిగొచ్చేవాడు. టవర్ కిందికొచ్చి, కాఫీ కప్పు చూపించి, "చల్లారలేదక్కా!" అని అరిచేవాడు. అతను అరిచిన ప్రతిసారీ ఆవిడ కిటికీ దగ్గర్నుంచి తప్పుకునేది.

నవంబరులో విమానం మూడుసార్లు ఊరి మీదినుంచే పోయింది. దీపాలు కనిపించాయి, కొండ దగ్గర ఊగాయి, లేచి వెళ్ళిపోయాయి. డిసెంబరులో ఆరుసార్లు. ఒక్కోసారి మర్నాటికి వెళ్ళగలిగాడు, ఒక్కోసారి రెండు రోజులాగి వెళ్ళాడు. అతని మొహం ఉబ్బసాగింది. చలికాలం గడిచేదాకా లాంగ్‌విక్ ఆస్పత్రి వసతిగదిలో ఉంచమని సోల్‌ఫ్రిడ్ మండలికి ఉత్తరం రాసింది. జవాబు వారంలో వచ్చింది. ప్రయాణం గంట దాటే రోగులకే గది ఇస్తారట. ఈ రోగి ప్రయాణం 11.8 నిమిషాలట.

"నువ్వే ఒక గది అద్దెకు తీసుకుని అక్కడ ఉండిపోరా," అంది తమ్ముడితో.

"లాంగ్‌విక్‌లోనా? ఆ పీత మొహాల మధ్యనా? చచ్చినా ఉండను."

"ఒరేయ్, ఇది నవ్వులాట కాదు."

"ఏడిస్తే గాలి తగ్గుతుందా చెప్పు, ఏడుస్తా." అని బూట్లు తొడుక్కుని పోయాడు.

జనవరి రెండో వారంలో నైరుతి గాలి పట్టుకుంది. సోమవారం హల్వార్ వెళ్ళొచ్చాడు. బుధవారం విమానం లేదు. శుక్రవారం వచ్చి, కొండ మీదికి రెండుసార్లు ప్రయత్నించి, వెనక్కి పోయింది. శనివారం అంబులెన్స్ విమానాన్ని పంపించారు, అదీ దిగలేకపోయింది. గుర్తు పట్టలేనంతగా తమ్ముడి మొహం వాచింది. మళ్ళీ సోమవారం పొద్దున తొమ్మిదింటికి కొండ దారి గేటు తెరుస్తున్నారని కబురొచ్చింది, మంచు బండి వెనక వరసలో పంపిస్తారట. టాక్సీ నడిపే తూరే కారులో హల్వార్‌ను ఎక్కించారు. ఒళ్ళో ఫ్లాస్కు పెట్టి, మోకాళ్ళ మీద గొర్రెబొచ్చు దుప్పటి కప్పి, తలుపు వేసి, సోల్‌ఫ్రిడ్ టవర్‌కి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆవిడ డ్యూటీ. డ్యూటీలో ఇంకో మనిషి లేడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను మోగింది. జనవరిలో ఇక్కడ సూర్యుడు రాడు, ఆ వేళకు ఉన్న నీలి వెలుతురు కూడా పోతోంది. హల్వార్ గొంతు.

"ఎక్కడున్నార్రా?"

"కొండ మీదే. మంచు బండి దిగబడింది. వెనక్కి పోదామంటే దారి మూసుకుపోయింది. ముందు కారు దీపం కూడా కనబడట్లేదు."

"నీకెలా ఉంది?"

"కాళ్ళు నావి కానట్టున్నాయే. నాలిక మందంగా..." నిజంగానే మాట ముద్దగా వస్తోంది.

"అక్కడ ఎలా ఉందిరా? సరిగ్గా చెప్పు."

కాసేపు గర్రుమన్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కారును ఎవరో పట్టుకుని కుదుపుతున్నట్టుంది ఆ చప్పుడు.

"కాస్త గాలి," అన్నాడు హల్వార్.

ఆ మాట విన్నాక ఆవిడకు ఇంకేమీ అడగబుద్ధి కాలేదు. అత్యవసర నంబరుకు ఫోను చేసింది. వాళ్ళు హెలికాప్టర్ స్థావరానికి చెప్పారు. నాలుగు నిమిషాల్లో పైలట్ ఎస్పెన్ తనే టవర్‌కి ఫోను చేశాడు. ఎస్పెన్ దక్షిణాదివాడే గానీ, ఈ తీరంలో పన్నెండేళ్ళుగా ఎగురుతున్నాడు. స్కార్వ్‌నెస్‌లో దిగినప్పుడల్లా టవర్ ఎక్కి ఆవిడ కాఫీ తాగి వెళ్ళేవాడు.

"సోల్‌ఫ్రిడ్, ఇంజన్లు తిరుగుతున్నాయి. డాక్టరుతో కలిపి నలుగురం. కొండకు దగ్గరలో మనిషి ఉన్నది నీ టవర్లోనే. మీ స్తంభం ఇరవై రెండు అంటోంది. ఇరవై రెండైతే ఇప్పుడే లేస్తాను. కొండ మీద ఎంతుంది?"

ఆవిడ కిటికీలోంచి చూసింది. కొండ శిఖరం మీద ఎప్పుడూ వెలిగే ఎర్ర దీపం కనబడడం లేదు. అక్కడినుంచి మంచు పైకి లేవడం లేదు, కింద పడడం లేదు, అడ్డంగా సముద్రం మీదికి కొట్టుకుపోతోంది. పాదాల కింద గది నేల వణుకుతోంది.

"సోల్‌ఫ్రిడ్, వింటున్నావా? చూడు, మీ ఊరి భాష నాకు వద్దు. నీ 'కాస్త గాలి' నాకు వద్దు. అసలు సంగతి చెప్పు. వస్తే దిగగలనా?"

అలవాటైన ఆ రెండు మాటలూ నాలిక చివరే ఉన్నాయి. అంటే చాలు, ఎస్పెన్ లేస్తాడు. పదేళ్ళు పుస్తకంలో రాసింది, నిండు మందిరంలో ఒప్పుకున్నది, ఇంకొక్కసారి అంటే తమ్ముడి దగ్గరికి డాక్టరు వస్తాడు. రావడానికి బయల్దేరుతాడు, అంతవరకు నిజం. ఎస్పెన్ కూతురు రాసిన క్రిస్మస్ కార్డు రేడియో పక్కన ఇంకా అతికించే ఉంది.

"తుఫాను," అంది సోల్‌ఫ్రిడ్.

"ఏమన్నావు?"

"తుఫాను అన్నాను. కొండ మీద అరవై దాటింది. రావద్దు."

రావద్దనే అధికారం ఆవిడకు లేదు. ఎస్పెన్ ఆ సంగతి ఎత్తలేదు. "నువ్వే ఆ మాట అంటే ఇంక నేను లేవలేను," అన్నాడు. "క్షమించు." వెనక ఇంజన్ల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ ఆగిపోవడం ఫోనులో ఆవిడకు వినపడింది.

రెండో మంచు బండి లాంగ్‌విక్ వైపు నుంచి సాయంత్రం ఆరింటికి వాళ్ళను చేరింది. హల్వార్ అయిదింటికే పోయాడు. ముందు సీట్లో, బెల్టు పెట్టుకునే ఉన్నాడు.

మూడు రోజుల తర్వాత తూరే ఊరికి తిరిగొచ్చి, ఆవిడ వంటింట్లో కూర్చుని టోపీ చేతుల్లో నలుపుతూ చెప్పాడు. "హెలికాప్టర్ రావట్లేదని ఫోనులో చెప్పారు. ఎందుకట అని హల్వార్ అడిగాడు. మీ అక్క తుఫాను అందట అన్నాను."

"ఏమన్నాడు?"

తూరే కిటికీ వైపు చూశాడు. "నవ్వాడమ్మా. 'చివరికి మా అక్క కూడా దక్షిణాది మనిషైపోయిందిరా' అన్నాడు. అదే ఆఖరి మాట."

సోల్‌ఫ్రిడ్ అతనికి కాఫీ పోసింది. తన కప్పులో పోసుకోలేదు. ఆ మాట మందిరంలో అనాల్సింది, అన్నది టవర్లో. అయిదు నెలల కిందట అని ఉంటే ఆ మిషను ఊళ్ళోనే ఉండేది. ఊరు నవ్వి ఉండేది, అంతకంటే ఏమీ అయ్యేది కాదు.

శుక్రవారం తమ్ముడి శవపెట్టె వచ్చింది, విమానంలో. గాలి పూర్తిగా పడిపోయింది. కొండ అంచు కత్తితో గీసినట్టు తేటగా ఉంది, రన్‌వే దీపాల కింద మంచు పొడిపొడిగా మెరుస్తోంది. ఆ రోజు సెలవు పెట్టమని అందరూ అన్నారు. ఆవిడ పెట్టలేదు. తమ్ముడికి రన్‌వే ఖాళీగా ఉందని వేరే ఎవరో చెప్పడం ఆవిడకు ఇష్టం లేకపోయింది. రేడియోలో గాలి చెప్పింది, మంచు చెప్పింది. విమానం కొండ దాటి, ఒక్క కుదుపు లేకుండా దిగింది. ఇసాక్, ఇంకో అయిదుగురు టోపీలు తీసి పెట్టెను దించారు.

ఆవిడ లాగ్ పుస్తకం తెరిచింది. బయల్దేరిన వేళ పది నలభై. దిగిన వేళ పది యాభై ఒకటి. ప్రయాణ సమయం పదకొండు నిమిషాలు. పై వరసల్లో గీత, గీత, గీత. గాలి, రెండు నాట్లు. రిమార్కుల గడి దగ్గర కలం ఆగింది. నిజమే రాయాలనుకుంది. నిజంగానే ఆ రోజు రాయడానికి ఏమీ లేదు.

ఏడాది చివర లెక్క తేల్చి పంపినప్పుడు ఆ పదకొండు నిమిషాలు సగటులో కలిశాయి. సగటు కాస్త తగ్గింది. హల్వార్ ఎదురుచూసిన రోజులు మాత్రం ఎందులోనూ కలవలేదు.